ఎర్ర అక్షరాల ‘తాత్కాలిక’

మొన్న గేటుకు పెయింటు కొందామని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. షాపతను డబ్బా మూత బిగిస్తూ, “మేడం, మీకు తెలిసిందో లేదో. మన బోర్డులాయన పోయినాడు. పోయిన ఆదివారం” అన్నాడు.

ఏ బోర్డులాయన అని నేను అడగలేదు. అనంతపురంలో ఆ మాటకు ఒక్కడే మనిషి. ఏడుపు రావాలి కదా? నాకు ముందు నవ్వొచ్చింది. షాపులో అందరూ చూస్తుండగా గట్టిగా నవ్వేశాను. ఎందుకంటే ఆ క్షణాన ఆయన నా కళ్ల ముందు నిచ్చెన మీద నిలబడి, ఒక కన్ను మూసి, బొటనవేలితో అక్షరం ఎత్తు కొలుస్తూ, “ఇంగోటి వస్తాది మేడం, రాసుకో!” అంటున్నాడు. నవ్వాక ఏడుపొచ్చింది. డబ్బా అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

ఆయన ఏ ఊళ్లో పుట్టాడో, ఎంతవరకు చదివాడో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆయనతో ఉన్నంతసేపూ అలాంటివి అడగడానికి తీరిక ఉండేది కాదు. ఆయన చెప్పేది వినడానికే సరిపోయేది.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఆయనను మొదటిసారి చూసింది మా డిపార్ట్‌మెంటు గుమ్మం ముందే. ‘అర్థశాస్త్ర విభాగం’ అని బోర్డు రాయడానికి ప్రిన్సిపాల్ పిలిపించారు. నేను క్లాసు ముగించుకొని వచ్చి చూస్తే, అంత పెద్ద బోర్డులో పైసగం మాత్రమే రాశాడు. కిందిసగం బోసిగా ఉంది. నాకు ఒళ్లు మండింది. నాకు కోపం తొందరగా వస్తుందిలెండి, మా కాలేజీలో అందరికీ తెలిసిన విషయమే.

“ఏమన్నా, కిందంతా ఎవరి కోసం వదిలావు? అక్షరాలు పెద్దగా రాయొచ్చు కదా!”

ఆయన నిచ్చెన దిగలేదు. చెవి మీద పెట్టుకున్న సన్న కుంచె తీసి ఒత్తు దిద్దుతూ, “ఇంగోటి వస్తాది మేడం” అన్నాడు.

“ఏమొస్తుంది?”

“అది నాకేం తెలుసు? ఏదో ఒగటి వస్తాది. గవర్నమెంటు బోర్డుకు కింద జాగా ఇడవకపోతే మళ్లా నేనే వచ్చి అంతా చెరిపి రాయాల. నలభై ఏండ్లుగా రాస్తాండా. ఏ బోర్డూ రాసింది రాసినట్ల ఉండలే.”

ఆ రోజు నేను క్లాసులో చెప్పి వచ్చిన పాఠం ఏమిటో తెలుసా? ప్రభుత్వాలు కాలం గడిచేకొద్దీ ఎందుకు పెద్దవవుతాయి! గంటసేపు బోర్డు మీద గీతలు గీసి, చేతులకు సుద్దపొడి అంటించుకొని, గొంతు పోగొట్టుకొని వచ్చాను. పిల్లల్లో సగం మంది నిద్రపోయారు. ఈయన చూస్తే ఆ పాఠమంతా కాస్త ఖాళీ జాగాలో చూపించేశాడు.

ఏడాది తిరగలేదు. మా విభాగానికి ‘ఉపాధి మార్గదర్శక కేంద్రం’ అని ఒకటి తగిలించారు. ఆయన మళ్లీ వచ్చాడు. దారానికి సుద్దపొడి పూసి, లాగి వదిలి, గీత కొట్టి, ఆ వదిలిన జాగాలో చక్కగా రాశాడు. రాసి నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. నేను అప్పటికప్పుడు క్యాంటీన్ నుంచి టీ తెప్పించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, “చెప్పన్నా, ఎందుకు పెరుగుతుంది?” అని నోట్‌బుక్ తెరిచాను. నా పీహెచ్‌డీ గైడు ముందు కూడా అంత బుద్ధిగా కూర్చుని ఎరగను.

ఆయన చెప్పే తీరు ఎప్పుడూ ఒక్కటే. ముందు తానే ఓ ప్రశ్న వేస్తాడు. మనం జవాబు చెప్పబోతే చేయి అడ్డం పెడతాడు. జవాబూ తానే చెప్పి చివర “రాసుకో” అంటాడు. పెన్ను కదిలిందా లేదా అని తొంగి చూసి మరీ ముందుకెళ్తాడు.

“మా నాయన గవర్నమెంటును ఏమడిగినాడు? ఏమీ అడగలే. ఖాకీ గుడ్డ కనపడితే చాలు, చేన్లోకి పరిగెత్తేటోడు. గవర్నమెంటు ఊర్లోకి రాకపోతే అదే పండగ. నేనేమడిగినా? బోరింగు అడిగినా. బడి అడిగినా. ఇప్పుడు నా కోడలుండాది. కరెంటు పోయిన అయిదు నిమిషాలకు ఫోను ఎత్తుకుంటాది, ఏమయ్యా లైన్‌మ్యానూ, నిద్రపోతాండావా అని. నాలుగు దుడ్లు చేతిలో ఆడేకొద్దీ అడిగేది ఎక్కువయితాది మేడం. రాసుకో.”

జనం ఆదాయం పెరిగేకొద్దీ ప్రభుత్వం నుంచి కోరేది అంతకంటే వేగంగా పెరుగుతుందని మా పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది. వాటిలో కోడలు లేదు. అంతే తేడా.

ఫ్లెక్సీ అంటే ఆయనకు మంట. ఫ్లెక్సీ షాపుల ముందు నుంచి పోవాల్సి వస్తే ముఖం అటు తిప్పుకొని పోయేవాడు. ఒకరోజు నేను కావాలనే గిల్లాను. ఇంక మీ చేతిరాత ఎవరికి కావాలన్నా, మిషన్ క్షణంలో అచ్చేసి తోసేస్తుంది కదా అన్నాను. తిడతాడేమో అనుకున్నాను. ఆయన కళ్లు మెరిశాయి.

“తోస్తాది. ఒప్పుకుంటా. నాకు పొద్దస్తమానం పడతాది. సరే, ఒకటో తరగతి పిల్లోనికి అఆలు దిద్దిచ్చను పంతులమ్మకు నా చిన్నప్పుడు ఎంతసేపు పట్టె? ఇప్పుడెంత పడతాది? అంతే! నర్సమ్మ పసిబిడ్డకు సూది ఏసేది అప్పుడెంతసేపు? ఇప్పుడూ అంతే! ఆ ఫ్లెక్సీ మిషన్లో నర్సమ్మలను ముద్రిస్తావా నువ్వు? ముద్రించలేవు. బయట అందరి జీతాలూ పెరిగితే వాళ్లకూ పెంచాల్నా వద్దా? పని మాత్రం పెరగదు. ఇంగ గవర్నమెంటు ఖర్చు పెరక్కుండా ఎట్లుంటాదమ్మా? రాసుకో!”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిజంగానే! మనుషుల చేతులతోనే జరగాల్సిన పనులు ఏటేటా ఖరీదవుతాయనీ, అలాంటి పనులన్నీ ప్రభుత్వం నెత్తినే ఉంటాయనీ నేను రెండు నెలలు కుస్తీపట్టి అర్థం చేసుకున్న సంగతి. ఈయన కోపంలో కూడా దాన్ని నవ్వుతూ చెప్పేశాడు.

అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది మాత్రం కరువు సంగతి. మా జిల్లాలో కరువు రావడం కొత్త కాదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కేంద్రం పుడుతుంది. దాని పేరుకు ముందు ‘తాత్కాలిక’ అని పెడతారు. వాటి బోర్డులన్నీ ఈయన చేతివే. బోర్డంతా నీలం రంగులో రాసి, ఆ ఒక్క మాటను మాత్రం ఎర్ర ఎనామిల్‌తో రాసేవాడు. ఎవరూ చెప్పింది కాదు, ఆయన సొంత ఆచారం.

“ఎందుకన్నా ఎర్రగా?”

“అబద్ధం కదా మేడం! కండ్లకు కనపడాల.”

వజ్రకరూరు దిక్కు పెట్టిన గడ్డి డిపో కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. “కరువులో పశువులకు గడ్డి పంచను ఒగ సారు. గడ్డి బాగుండాదా లేదా చూడను ఇంగో సారు. ఆ ఇద్దరి మింద ఒగ పెద్దసారు. వాన వచ్చినాది. గడ్డి అయిపోయినాది. పశువులు సంతకు పోయినాయి. సార్లు?” ఇక్కడికొచ్చేసరికి ఆయనకు నవ్వు ఆగేది కాదు. పొట్ట పట్టుకొని వంగిపోయేవాడు. “సార్లు ఆడనే ఉండారు! ఆ తాత్కాలికకు మూడోసారి ఎర్రరంగేసి వచ్చినా మేడం! గవర్నమెంటు మారితే గోడ రంగు మారతాది. కరువు పోతే వాన వస్తాది. తాత్కాలిక మాత్రం యాడికీ పోదు!”

ఆ మాట కళ్లు మూసుకొని కూడా రాస్తానని బడాయి పోయేవాడు. ఒకసారి మా కాలేజీ పిల్లలు పట్టుబట్టి, కళ్లకు రుమాలు కట్టి, క్యాంటీన్ వెనక గోడ ముందు నిలబెట్టారు. వేళ్లతో గోడ తడుముకుంటూ, ఎక్కడా వంకర పోకుండా ‘తాత్కాలిక’ అని రాసి రుమాలు విప్పాడు. పిల్లలు ఈలలు! నేనూ ఈలేశాను. లెక్చరర్ ఈల వేయకూడదని ఎక్కడా రాసి లేదు.

అలాంటి రోజుల్లో కలెక్టరాఫీసు నుంచి నాకొక పని వచ్చింది. జిల్లాలో కరువు ఏళ్లలో పుట్టి ఇంకా నడుస్తున్న కేంద్రాలన్నిటినీ చూసి, ఫోటోలతో జాబితా ఇమ్మన్నారు. ఏవి శాశ్వతం, ఏవి తాత్కాలికం అని రెండు వరుసలు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తాత్కాలికమని తేలినవన్నీ మూసేస్తారు. నా పీహెచ్‌డీలో చివరి అధ్యాయానికి అంతకంటే ఏం కావాలి? కత్తెర నా చేతికే ఇచ్చినట్టు గంతులేశాను. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, “అన్నా, నువ్వు రాసినవన్నీ నాకు చూపించాలి” అన్నాను.

“అన్నీనా? స్కూటీకి పెట్రోలు శానా కొట్టించుకో” అన్నాడు.

ఆయన మోపెడ్ మీద ముందు, నేను స్కూటీ మీద వెనక. ఎండలో, ఎర్రమట్టి దుమ్ములో, ఆ పది రోజులు నా జీవితంలోనే పండగ రోజులు. ఇద్దరికీ పందెం. ఎర్ర అక్షరాలను ముందు ఎవరు చూస్తే వాళ్లకు రెండోవాళ్లు టిఫినుకు ఉగ్గాని బజ్జీ పెట్టించాలి. ఆయన ఓడిపోయేవాడే కాదు. మలుపు తిరక్కముందే, “అదో, వేపచెట్టు పక్కన!” అని కేకేసేవాడు. రాసినవాడికి గుర్తుండదా మరి! పందెం కాసిన నాకు బుద్ధి లేదు.

చిలమత్తూరు దిక్కు ఒక పట్టుపురుగుల సలహా కేంద్రం దగ్గర మమ్మల్ని నలుగురు రైతులు చుట్టుముట్టారు. మూసేస్తారని ఎవరో చెప్పారట. మూస్తే ఆఫీసుల ముందు పడుకుంటామని ఒకటే అరుపులు. అక్కడ సలహా చెప్పే మనిషి వచ్చి ఎన్నాళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. బయటపడ్డాక ఆయన మోపెడ్ ఆపి, నవ్వుతూ, “చూస్తివా? దీన్ని మూస్తే ఈ నలుగురికీ నష్టం, నలుగురూ వస్తిరి. ఉంచితే జిల్లా అంతా తలా గోరంత మోయాల. ఆ గోరంతకు ఎవురొస్తారు అరవను? నీవొస్తావా? నేనొస్తానా? రాసుకో” అన్నాడు. ఆ బండి సీటు మీదే నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాను. రాసిన మాట కింద రెండు గీతలు కొట్టాను, అంత సంతోషం.

ఆఖరి రోజు గుమ్మఘట్ట దిక్కు వెళ్లాం. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే ఊరు. ఊరి చివర రేకుల కట్టడం, దాని మీద ఎర్రగా ‘తాత్కాలిక’, పక్కన నీలంగా ‘వలస కుటుంబాల పిల్లల వసతి గృహం’. కూలికి బెంగళూరు వెళ్లే తల్లిదండ్రులు తమ పిల్లలను ఇక్కడ వదిలి వెళ్తారు. పిల్లలు ఇక్కడే తిని, పక్క బడికి వెళ్లి, ఇక్కడే పడుకుంటారు. ఒక పెద్ద కరువు ఏడాదిలో మొదలుపెట్టారు.

అరుగు మీద ఒకామె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను హుషారుగా పెన్ను తీసి, “ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదా, ఇంక వలస పోయే పనేముంది? ఇదీ తాత్కాలికమే, మూసేయొచ్చు” అన్నాను. పైకే అన్నాను. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఆమె ఒలవడం ఆపలేదు. “వాన ఎవురికి పడినాది మా? చేనుండేటోళ్లకు పడినాది. మాకు చేను యాడుండాది? కాయ పీకేదాకా కూలి ఉంటాది. ఆయెనక బెంగళూరే. వాన పడినా పోతాం, పడకపోయినా పోతాం.”

“మరి పిల్లలు?”

“ఇది లేనప్పుడు ఎంటబెట్టుకొని పోతాంటిమి. నా పెద్దబిడ్డ మూడేండ్లు ఆ కట్టడాల కాడ ఇసుక కుప్ప మిందనే పెరిగె, చెల్లెల్ని సంకనేసుకొని. బడి లేదు, గిడి లేదు. ఇప్పుడు ఆరో తరగతి. మీరు దీన్ని మూస్తే మళ్లా బస్సెక్కిస్తా. ఏం చేయమంటావు చెప్పు? ఈడ ఎవురి కాడ ఇడిసిపోవాల?”

ఏదో ఒకటి అనాలని, “ఏమన్నా, రాసుకో అనవేం?” అన్నాను ఆయనతో. ఆయన నవ్వలేదు. ఆమెను ఒక్కటే అడిగాడు, “బస్సు ఎప్పుడొస్తాదమ్మా?”

“కాయ పీకినంక వారానికి.”

ఫోటో తీద్దామని చూస్తే, పొద్దుటి నుంచి తీసి తీసి నా ఫోన్ చచ్చిపోయింది. “నేను తీసి పంపిస్తాలే, నా కొడుకు ఫోనుండాది” అన్నాడు ఆయన. సరేనని నోట్‌బుక్‌లో ‘తాత్కాలికం’ వరుస కింద ఆ హాస్టల్ పేరు రాసుకొని వచ్చేశాను.

మూడో రోజు ఫోటో వచ్చింది. చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. బోర్డు మీద ‘వలస కుటుంబాల పిల్లల వసతి గృహం’ అని ఉంది. దాని ముందర, ఎర్ర మాట ఉండాల్సిన చోట, తెల్లటి ఖాళీ ఉంది. చెరిపేశాడు!

స్కూటీ ఎలా తోలానో తెలియదు. ఆయన ఇంటి ముందు చాప మీద కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు. నేను బండి దిగకుండానే అరిచాను. కోపమొస్తే నాకు కాలేజీ తెలుగు పోయి ఇంటి తెలుగు వస్తుంది.

“ఏం పని చేసినావన్నా? నాకు ఒగ మాట చెప్పకుండా! ఎవరన్నా పట్టుకుంటే నా ఉద్యోగం పోతాది, తెలుసా?”

“తెలుసు. అందుకే నిన్ను అడగలే. అడిగింటే నీవూ దొంగవయితాంటివి. నీవు రాసింది నీ పుస్తకంలో ఉండాది కదా, అట్లనే పంపించు. ఆ ఫోటో చెరిపెయ్. నేనేమీ బలవంతం చేయలే.”

“ఇన్నేండ్లు పొట్ట పట్టుకొని నవ్వినావే! గడ్డి సార్లను చూసి నవ్వినావే! చిలమత్తూరులో అరిసినోళ్లను చూసి నవ్వినావే! ఇప్పుడు నీవు చేసిందేమి? వాళ్లు చేసిందే కదా!”

ఆయన కుంచె డబ్బాలో పడేసి లేచి నిలబడ్డాడు. తలవంచుకుంటాడనుకున్నాను. ఆ ముఖం చూడాలి మీరు! వెలిగిపోతోంది.

“అదే గదా తల్లీ! ఆ నిచ్చెన మింద ఉన్నప్పుడే తెలిసినాది నాకు. ఇన్నేండ్లు ఎవురబ్బా దీన్ని పెంచుతాండేది, ఆ పార్టీవోళ్లా, ఈ సార్లా అని వెతుకుతాంటి. నేనే! ఇదో, ఈ చేత్తోనే పెంచినా! ఒక్క కుంచె దెబ్బ, గవర్నమెంటు ఒగ ఇంత లావయినాది! ఎవురో కాదు తల్లీ పెంచేది, రాసుకో! రాసుకో మరి!”

“రాసుకోను” అన్నాను. “మరి ఆ గడ్డి సార్లను కూడా ఇట్లనే వదిలేయాల్నా?”

“తీసెయ్! నీ లిస్టులో అందర్నీ తీసెయ్. నేనే నిచ్చెన ఎత్తుకొనొచ్చి తుడుస్తా. ఈ ఒగటి ఇడువు.”

“ప్రతివాళ్లూ అదే అంటారు, ఈ ఒకటి వదలమని!”

“అంటారు. ఆ బోర్డుల కిందికి పోయి చూడు. మూస్తే ఎవురు బస్సెక్కుతారో చూడు. గడ్డి డిపో మూస్తే ఎవురెక్కుతారు? పెద్దసారు ఎక్కుతాడా?”

ఎన్ని పుస్తకాలు చదివానో, ఎన్ని గీతలు గీశానో. ప్రభుత్వం ఎందుకు పెరుగుతుందో అన్ని కారణాలూ చెప్పగలను. ఏ ముక్క పెరగాలో, ఏ ముక్క తగ్గాలో అడిగే ప్రశ్న మాత్రం నా పట్టికలో లేదు. పది రోజులు బోర్డులు చదువుతూ తిరిగాను కానీ, వాటి కింద కూర్చున్న మనుషులతో పెన్ను మూసి మాట్లాడింది లేదు.

మరుసటి రోజు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒక కేంద్రం గురించి నా అభిప్రాయం రాయాలి, పట్టికలో ఇంకో గడి కావాలని అడిగాను. అవతలి గొంతు విసుక్కుంది. “అభిప్రాయాలెందుకు మేడం? బోర్డు మీద ఏముంటే అది రాసివ్వండి. ఆలోచన మేము చేసుకుంటాం.”

బోర్డు మీద ఏముంటే అది. సరే! నోట్‌బుక్‌లో ఆ పేరు కొట్టేసి, పక్క వరుసలో, శాశ్వతాల కింద రాశాను. ఆయన పంపిన ఫోటోనే అతికించాను. తప్పే. ఇప్పుడు చెబుతున్నాను, తప్పని తెలిసే చేశాను. రాసేటప్పుడు ఉన్నది పూర్తిగా భయమూ కాదు. ఏదో దూకేసినట్టు ఉండింది.

జాబితా చూసే రోజు అధికారి ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో ఫోటో తిప్పుతున్నారు. గుమ్మఘట్ట ఫోటో దగ్గర చేయి ఆగింది. కళ్లద్దాలు పైకి తోసుకొని, “బోర్డులో ముందర ఈ ఖాళీ ఏంటి?” అన్నారు.

ఆరో తరగతి పిల్ల, సంకలో చెల్లెలు, ఇసుక కుప్ప. “ఎండకు పెయింటు లేచిపోయింది సార్” అన్నాను.

ఆయన తల ఊపారు. “ఈ ఎండకు ఏదీ నిలవదు మేడం” అని పేజీ తిప్పారు. ఆయన చేతిలో ఉన్న జాబితా నిండా ఏళ్ల తరబడి నిలిచినవే! నవ్వు రాకుండా నాలుక కొరుక్కోవాల్సి వచ్చింది.

ఆ జాబితాను బట్టి చాలా మూతపడ్డాయి. గడ్డి డిపో మీది ఎర్ర అక్షరాలను బోర్డులాయనే వెళ్లి తుడిచాడు, కూలి కూడా తీసుకోలేదట. అన్నీ మూసినట్టే మూసి కొన్నిటికి మళ్లీ కొత్త పేర్లు పెట్టారు. ఆ బోర్డులూ ఈయనే రాశాడు. వచ్చి నాకు చెప్పి ఎగిరెగిరి నవ్వాడు.

వేరుశనగ పీకుడు అయిపోయిన వారానికి పొద్దున్నే ఫోన్. “తల్లీ, ఈ పొద్దే బస్సు. వస్తావా?” క్లాసుకు సెలవు పెట్టి పరిగెత్తాను.

మధ్యాహ్నం ఎండలో హాస్టల్ ముందు బెంగళూరు బస్సు నిలబడి ఉంది. పైన మూటలు, గిన్నెలు, పారలు. ఆడవాళ్లు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, మళ్లీ ఎక్కుతున్నారు. ఆరోజు వేరుశనక్కాయలు ఒలిచిన ఆమె మెట్టు మీద కాలు పెట్టి, దిగొచ్చి, చిన్నబిడ్డ ముక్కు కొంగుతో తుడిచి, “అక్క చెప్పినట్ల వినుకో” అని వెళ్లింది. మళ్లీ దిగింది. పెద్దపిల్లకు జడ విప్పి గట్టిగా అల్లింది. ఆ పిల్ల, “పోమ్మా, బస్సు పోతాది!” అని విసుక్కుంది. ఏడవలేదు ఆ పిల్ల. తల్లే ఏడ్చింది. నేనూ.

డ్రైవరు హారన్ కొట్టాడు. మా బోర్డులాయన బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. రేకు మీద అరచేత్తో దబదబా బాదుతూ, “పోండి, పోండి, భయం లే! పిల్లోల్లు ఈడ ఉండారు! ఈడనే ఉంటారు!” అని అరుస్తున్నాడు. అంత వయసు మనిషి బస్సుతోపాటు పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను, చెప్పు ఊడిపోయినా ఆగలేదు.

బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలన్నీ ఒక్కొక్కటే వెతికాను. ఒక్క పిల్ల ముఖం కూడా లేదు.